హార్డ్ డిస్క్ కాపీ: 110 ఎంబీతో మొదలై 20కి ఎందుకు పడిపోతోంది?

డెస్క్‌టాప్‌లోని 7200 ఆర్‌పీఎం సాటా డిస్క్ నుంచి 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి 600 జీబీ వీడియోలు కాపీ చేయాలి. మొదట సెకనుకు 110 ఎంబీ వస్తోంది. 40 జీబీ దాటాక 20కి పడిపోయి, మధ్యమధ్యలో సున్నా దగ్గర ఆగి మళ్లీ లేస్తోంది.

పోర్టు యూఎస్‌బీ 3.0నే, 2.0 అయితే మొదట్లోనే సెకనుకు 40 ఎంబీ దాటదు కదా. చిన్న ఫైళ్ల ఇబ్బందీ కాదు, ఒక్కో వీడియో 5 జీబీ పైనే. టాస్క్ మేనేజర్‌లో సోర్స్ డిస్క్ 15 శాతం, ఎక్స్‌టర్నల్ మాత్రం 100. స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే నివేదిక) పెండింగ్ సెక్టార్లు, అంటే చదవడంలో ఇబ్బంది పెడుతున్న భాగాలు, సున్నా.

కాపీ ఆపి అరగంట వదిలేస్తే (లైటు మెరుస్తూనే ఉంటుంది) మళ్లీ 110 వస్తోంది. ట్రాకులను (డేటా రాసే వరుసలను) పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పరిచే ఎస్ఎంఆర్ డిస్క్ కాబట్టి, క్యాష్ (డేటాను ముందుగా తాత్కాలికంగా ఉంచుకునే చోటు) నిండాక తిరగరాసుకుంటోందని నా అనుమానం. దీన్ని నిర్ధారించుకునేదెలా? 30 జీబీ చొప్పున విడతలుగా పంపడం తప్ప వేరే దారి ఉందా?