చెరువులో పైకి పోయేకొద్దీ తగ్గే శక్తి, పరమాణువులో ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న: ఉపాధ్యాయురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

పదో తరగతికి నేను జీవశాస్త్రం బోధిస్తాను. మా ఊరి చెరువునే ఉదాహరణగా తీసుకుని, నాచును తినే జంతు ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ జీవులు), వాటిని తినే చిన్న చేపలు, ఆ చేపలను మింగే కొర్రమట్టలు అన్న క్రమంలో ఆహారపు గొలుసును వివరించి, ఒక పోషక స్థాయి (ఆహారపు గొలుసులోని ఒక మెట్టు) నుంచి పై స్థాయికి సుమారు పది శాతం శక్తి మాత్రమే చేరుతుందని చెప్పాను. అదే వారం పరమాణువులోని శక్తి స్థాయిల పాఠం విన్న ఒక విద్యార్థిని, "చెరువులో పైకి పోతే శక్తి తగ్గుతుంది, పరమాణువులో ఎట్లా పెరుగుతుంది మేడమ్? ఎలక్ట్రాన్ పైకి పోయినప్పుడు తొంభై శాతం ఎక్కడ పోతుంది?" అని అడిగింది. ఆమెకు పూర్తి సమాధానం ఇవ్వాలని ఉంది. తెలిసినవారు వివరించగలరు.

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకుడు, నల్లగొండ

మేడమ్, 1913లో నీల్స్ బోర్ ప్రతిపాదించిన పరమాణు నమూనా ప్రకారం హైడ్రోజన్ ఎలక్ట్రాన్‌కు మొదటి స్థాయిలో –13.6, రెండో స్థాయిలో –3.4, మూడో స్థాయిలో –1.51 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల్లో శక్తిని కొలిచే చిన్న ప్రమాణం) శక్తి ఉంటుంది. రుణ గుర్తుకు అర్థం ఎలక్ట్రాన్ ఇంకా కేంద్రకం పట్టులోనే ఉందని. ఆ పట్టును సడలించుకుని దూరం జరగాలంటే బయటి నుంచి శక్తి తీసుకోవలసిందే కనుక, పై స్థాయిలో శక్తి ఎక్కువ. మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి దిగితే, తేడా అయిన 1.89 ఎలక్ట్రాన్ వోల్టులు ఒకే ఫోటాన్‌గా, అంటే ఒక కాంతి కణంగా వెలువడి 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్ర గీతగా వర్ణపటంలో కనబడతాయి. ఇక్కడ శాతాల లెక్కకు చోటు లేదు.

జవాబు: జీవశాస్త్ర అధ్యాపకురాలు, అచ్చంపేట

సార్ చెప్పినదానికి ఒక మాట చేర్చాలి. పరమాణువులో స్థాయి అంటే ఎలక్ట్రాన్ ఉండగల స్థితి. ఆహారపు గొలుసులో స్థాయి అంటే తిండిని బట్టి మనం జీవులను చేర్చిన గుంపు. అందుకే అక్కడ ఒక ఎలక్ట్రాన్‌కు ఇన్ని ఎలక్ట్రాన్ వోల్టులని చెబుతాం, ఇక్కడ చదరపు మీటరుకు ఏడాదికి ఇన్ని కిలోజౌళ్లని చెబుతాం. రెండోది ప్రవాహం. నా అనుభవంలో పిల్లలకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది: అమ్రాబాద్ అడవిలోని పులి ఒంట్లో దుప్పి ఒంట్లో కంటే తక్కువ శక్తి ఉంటుందని అనుకుంటారు. కిలో మాంసం లెక్కన చూస్తే రెండింటికీ పెద్ద తేడా ఉండదు. ఆ అడవిలోని దుప్పులన్నీ ఏడాదిలో తిన్న గడ్డిలోని శక్తిలో ఎక్కువ భాగం వాటి శ్వాసక్రియలో వేడిగా పోతుంది, కొంత పేడగా నేలకు చేరుతుంది, కండగా మారిన కొద్దిపాటిలోనూ పులులకు దొరికేది కొంతే. వేడిగా పోయినదాన్ని ఏ జీవీ మళ్లీ ఆహారంగా మార్చుకోలేదు.

1942లో రేమండ్ లిండెమన్ ఈ శక్తి ప్రవాహపు లెక్కకు పునాది వేశాడు. పది శాతం అన్నది స్థిరాంకం కాదు, చోటును బట్టి మారే సగటు. కొర్రమట్ట పిల్లగా ఉన్నప్పుడు ప్లవకాలను, ఎదిగాక చేపలను, కప్పలను తింటుంది కనుక దాన్ని రెండు స్థాయిల నడుమ కూడా ఉంచవచ్చు. ఎలక్ట్రాన్‌కు అటువంటి నడిమి స్థాయి లేదు. బల్ల మీద గీసేటప్పుడు బాణాలను కూడా చూపించండి: పరమాణువులో అవి పైకీ కిందికీ ఉంటాయి, ఆహారపు గొలుసులో తినబడే జీవి నుంచి తినే జీవి వైపే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఈ రెండింటికీ అసలు సంబంధమే లేదని చెప్పవచ్చునా?

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకుడు, నల్లగొండ

అట్లా చెప్పకండి మేడమ్, నాచులోనే ఆ సంబంధం ఉంది. పత్రహరితం 680 నానోమీటర్ల ఎర్ర ఫోటాన్‌ను గ్రహిస్తే, ఆ అణువులోని ఒక ఎలక్ట్రాన్ సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టులు ఎక్కువ శక్తి గల స్థాయికి చేరుతుంది. స్పిరిట్‌లోకి తీసిన ఆకు పసరుపై అతినీలలోహిత కాంతి వేస్తే అది ఎర్రగా వెలుగుతుంది, ఎందుకంటే పైకి చేరిన ఎలక్ట్రాన్లు తిరిగి కిందికి దిగుతున్నాయి. బతికున్న ఆకులో మాత్రం ఎలక్ట్రాన్ దిగేలోపే పక్క అణువుకు అందుతుంది. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును చక్కెరలో చేర్చడానికి ఇటువంటి ఫోటాన్లు కనీసం ఎనిమిది, అంటే 14 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా కావాలి. గ్లూకోజ్ అనే ఆ చక్కెరలో ఒక్కో కార్బన్‌కు నిలిచేది దాదాపు 5 ఎలక్ట్రాన్ వోల్టులే. మీ విద్యార్థిని అడిగిన నష్టం ఎలక్ట్రాన్ పైకి పోయినప్పుడు జరగలేదు, ఆ తర్వాత అణువు నుంచి అణువుకు అందుతున్నప్పుడు జరిగింది.