సముద్రానికీ బురదకీ ఆగే తేలిక ట్రైపాడ్ ఏదండి?

లంకవాసి: కిలోంపావు లోపు, మడిస్తే 40 సెం.మీ. మించకుండా, బైకు మీద బ్యాగులో పట్టే ట్రైపాడ్ కావాలండి. కెమెరా, లెన్సు కలిపి 1.3 కిలోలు. అంతర్వేది, కోరింగ, రాజమండ్రి బ్రిడ్జిల దగ్గర వాడకం. కార్బన్ ఫైబరా, అల్యూమినియమా? కాళ్లు బిగించడానికి ట్విస్ట్ లాకా (తిప్పేది), ఫ్లిప్ లాకా (లివర్ మడిచేది)?

గట్టుమీద_గువ్వ: ముందు సెక్షన్లు, అంటే ఒకదాన్లోంచి ఒకటి లాగే గొట్టాలు, లెక్కపెట్టండి. అంత చిన్నగా మడవాలంటే కాలికి అయిదు సెక్షన్లు ఉంటాయి, అడుగు గొట్టం చిటికెన వేలంత. ఊగేది అక్కడే. లావు గొట్టాలు ముందు లాగి, సన్నది అవసరమైతేనే తియ్యండి. మధ్యలో ఉండే నిలువు కడ్డీ, సెంటర్ కాలమ్, ఎత్తకండి. డబ్బా మీద "8 కిలోలు మోస్తుంది" అంటే విరగదని అర్థం, ఊగదని కాదు.

ఉప్పుగాలి: ట్విస్ట్ లాక్‌లో ఇసుక పడితే కరకరమంటుంది. ఆ చప్పుడు వచ్చాక ఇంక తిప్పకండి, మరలు అరిగిపోతాయి. ఇంటికొచ్చి కాలర్, అంటే ఆ తిప్పే రింగు, పూర్తిగా విప్పి గొట్టం లాగితే చిన్న ప్లాస్టిక్ ముక్కలు, షిమ్‌లు, ఊడొస్తాయి. ఏ గొట్టానివి ఆ గొట్టానికే, తిరగేస్తే లాక్ పట్టదు. మంచినీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీడలో ఓ రాత్రి ఆరబెట్టి, మరలకి మాత్రం పలచగా గ్రీజు. షిమ్‌కి అంటిందా, కాలు జారుతుంది.

కాలవగట్టు: గ్రీజెందుకండీ, కొబ్బరినూనె లేదా మనకి?

ఉప్పుగాలి: ఆయ్, 24 డిగ్రీల కింద పేరుకుపోతుంది. ధనుర్మాసం తెల్లారుజామున ఆ కాలర్ తిప్పి చూడండి.

చిప్పగురువు: నూనె సంగతి వదిలెయ్యండి, చిప్పలు దాచుకోండి. ఒండ్రులో మూడు కాళ్ల కిందా మూడు కొబ్బరి చిప్పలు వెల్లకిలా పెట్టి, గుంటలో కాలు ఆనిస్తే దిగదు.

మూడోకాలు: తప్పు. వెల్లకిలా పెడితే చిప్ప ఒరుగుతుంది. బోర్లించాలి.

చిప్పగురువు: బోర్లిస్తే అంచు కత్తిలా దిగిపోతుంది, పైన నున్నటి వీపు మీద రబ్బరు జారుతుంది. ఒండ్రులో కాలు పెట్టి మాట్లాడుతున్నారా, ఫ్యాను కింద కూర్చునా?

మూడోకాలు: మర్యాద! పెళ్లి వీడియోల్లో ఇరవై ఏళ్లండి మాది.

గట్టుమీద_గువ్వ: కల్యాణమండపంలో ఒండ్రు ఉండదుగా. ఇద్దరూ చిప్పలు పారేసి జానెడు ప్లైవుడ్ ముక్కలు మూడు వెయ్యండి. అసలు కోరింగలో తీసేది చెక్క దారి మీంచి. మనిషి నడిస్తే చాలు, పలకలు అదురుతాయి. జనం దాటేదాకా ఆగి, 2 సెకన్ల టైమర్ పెట్టి నొక్కండి.

ఘాట్‌కెమెరా: హావ్‌లాక్ బ్రిడ్జి కూడా రైలు పోతే అదురుతుంది, జాగ్రత్త.

ఉప్పుగాలి: దాని మీద 1997 నుంచి రైళ్లే లేవు బాబూ! మీరు చెప్పేది 1974 నాటి రోడ్డు-రైలు వంతెన. లారీ వచ్చినా అదురుతుంది. 30 సెకన్ల ఎక్స్‌పోజర్లు అక్కడ వద్దు, ఘాట్ మీంచి తీసుకోండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకు సరిచేసేది) ఆపెయ్యండి.

కాలవగట్టు: గాలికి ఊగకుండా బ్యాగుని ట్రైపాడ్ కింది కొక్కేనికి తగిలించండి.

గట్టుమీద_గువ్వ: గాల్లో వేలాడితే ఊయలే. బ్యాగు అడుగు నేలకి ఆనాలి.

లంకవాసి: కార్బనా అల్యూమినియమా ఎవరూ చెప్పలేదండి.

ఉప్పుగాలి: ఈ సైజులో బరువు తేడా పావుకిలో అటూ ఇటూ. అల్యూమినియం సొట్ట పడుతుంది, కార్బన్ చీలుతుంది. కార్బన్‌కి తుప్పు లేదనుకోకండి. కీళ్లు అల్యూమినియమే. ఉప్పునీరు తగిలితే కార్బన్ పక్కన అది మరీ తొందరగా తెల్లపొడి రాలుస్తుంది. సముద్రానికి అల్యూమినియం, ఫ్లిప్ లాక్. లివర్ వదులైతే అలెన్ కీతో పావు చుట్టు బిగిస్తే సరి.

చిప్పగురువు: వెల్లకిలానే.

కాలవగట్టు: అలాంటిదే పాతది నా దగ్గరుంది, అమలాపురం వస్తే చూసుకోవచ్చు. ఒక కాలికి రబ్బరు లేదు. చేతికర్ర బుష్‌లలో చిన్న సైజుది సరిగ్గా పడుతుంది.