ఇంట్లో కంప్యూటర్ నెలకు ఎన్ని యూనిట్లు లాగుతుంది? వాడకం 172 నుంచి 224 యూనిట్లకు వెళ్లింది

మియాపూర్_డెస్క్

హైదరాబాద్, సింగిల్ ఫేజ్ కనెక్షన్, ఇంట్లో ఏసీ లేదు. గత నెల నుంచి వర్క్ ఫ్రం హోమ్. కొత్తగా వచ్చినవి ఇవే: డెస్క్‌టాప్ (పదో జనరేషన్ ఐ5, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు లేదు, 450 వాట్ల లోకల్ ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి పవర్ సప్లై డబ్బా), 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్, 600 వీఏ యూపీఎస్, ఫైబర్ రౌటర్. రోజుకు 10 గంటలు, నెలకు 26 రోజులు పని. వాడకం 172 యూనిట్ల నుంచి 224కి పెరిగింది, ఎనర్జీ చార్జీలే 500 పైగా పెరిగాయి.

నా లెక్కలు రెండు, రెండూ కుదరడం లేదు. 450 వాట్లు × 260 గంటలు అంటే 117 యూనిట్లు రావాలి, అంత పెరగలేదు. ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటర్ (వైర్ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెడితే యూపీఎస్ వైర్ మీద 0.6 ఆంపియర్ చూపించింది. 230తో గుణిస్తే 138 వాట్లు, నెలకు 36 యూనిట్లు. ఈ రెండింట్లో ఏది నమ్మాలి? 200 లోపలికి రావాలంటే ఎక్కడ తగ్గించాలి?

వోల్ట్_ఆంప్

రెండూ నమ్మకండి.

ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన 450 అనేది అది ఇవ్వగలిగిన గరిష్ఠం. లోపలి బోర్డు, ప్రాసెసర్, డిస్క్ ఎంత అడిగితే అంతే ఇస్తుంది, దాని మీద తన నష్టాన్ని కలిపి గోడ నుంచి లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని ఐ5 డబ్బా బ్రౌజర్, ఎక్సెల్, వీడియో కాల్ లాంటి పనుల్లో 40 నుంచి 50 వాట్ల దగ్గరే ఉంటుంది. కంపైలింగ్ లాంటి బరువు పని పడ్డప్పుడు 100 దాటుతుంది గానీ అది కాసేపే. 24 అంగుళాల మానిటర్ 18 నుంచి 22. లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ తన ఖర్చు కిందే 8 నుంచి 15 తీసుకుంటుంది. రౌటర్ 8 నుంచి 10. అన్నీ కలిపితే మీది 80, 85 వాట్ల దగ్గర తేలాలి.

ఇక క్లాంప్ మీటర్. అది చూపేది కరెంటు మాత్రమే. ఆంపియర్లను వోల్టేజీతో గుణిస్తే వచ్చేది వాట్లు కాదు, వోల్ట్ ఆంపియర్లు (వీఏ). పీఎఫ్‌సీ సర్క్యూట్ (కరెంటును సాఫీగా లాగేలా సరిచేసేది) లేని లోకల్ ఎస్‌ఎంపీఎస్ కరెంటును వేవ్ అంతా సాఫీగా తీసుకోదు, వోల్టేజీ శిఖరానికి చేరిన కొద్ది క్షణాల్లోనే గుంజుకుంటుంది. అందుకే పవర్ ఫ్యాక్టర్, అంటే వీఏలో అసలు వాట్ల వంతు, 0.6 దగ్గరకు పడిపోతుంది. 138ని 0.6తో గుణిస్తే 83. పైన వేసిన అంచనాకు అదే సరిపోతోంది చూడండి. ఇళ్లకు బిల్లు పడేది అసలు వాట్ల మీదే కాబట్టి ఆ మిగతా 55 మీ బిల్లులోకి రాదు. యూపీఎస్ సైజు చూసుకునేటప్పుడు మాత్రం వీఏ లెక్క పట్టించుకోవాల్సిందే.

ఎస్‌ఎంపీఎస్ మారిస్తే బిల్లు తగ్గుతుందని ఎవరైనా చెబితే ఆశ పెట్టుకోవద్దు. లోపలికి 35 వాట్లు కావాలనుకుందాం. 70 శాతం ఎఫిషియెన్సీ ఉన్నది గోడ నుంచి 50 తీసుకుంటుంది, 82 శాతం ఉన్నది 43. తేడా 7 వాట్లు, మీ 260 గంటలకు రెండు యూనిట్లు కూడా లేవు. లోకల్ ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే, కానీ అది మదర్‌బోర్డు క్షేమం కోసం.

రెడ్_బ్లింక్

అంచనాలెందుకు, మీ ఇంటి మీటరుతోనే కొలవొచ్చు. పైసా ఖర్చు లేదు.

ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద 1600 లేదా 3200 లాంటి అంకె ఉంటుంది, పక్కనే ఇంప్ పర్ కిలోవాట్ అవర్ అని రాసి ఉంటుంది. అంటే ఒక యూనిట్ కాలితే ఆ ఎర్ర లైటు అన్నిసార్లు మినుకుతుందన్నమాట. 3200 మీటరులో ఒక్కో మినుకుకు 1125 వాట్ సెకన్లు. 10 మినుకులకు పట్టిన సెకన్లతో 11250ని భాగిస్తే వాట్లు వచ్చేస్తాయి. 1600 మీటరైతే 22500ని భాగించాలి.

చేసేముందు ఫ్రిజ్ ప్లగ్ తీయండి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని గోడ స్విచ్ దగ్గరే ఆపండి, చాలామంది ఇది మర్చిపోతారు. బ్యాటరీ చార్జింగ్ ఒక్కటే కంప్యూటర్ కంటే ఎక్కువ చూపించగలదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే కూడా కొలవొద్దు, యూపీఎస్ బ్యాటరీ నిండేదాకా రీడింగ్ ఎక్కువ వస్తుంది, కొన్ని గంటలు ఆగండి. మిగతా గదుల ఎంసీబీలు (బోర్డులోని ట్రిప్ స్విచ్‌లు) దించేసి, ముందు కంప్యూటర్ కూడా ఆపి మీటరు చూడండి. లైటు మినుకుతూనే ఉంటే ఇంకేదో నడుస్తోంది, సెటాప్ బాక్సో, వాటర్ ప్యూరిఫయరో. అది దొరికాకే అసలు కొలత. అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కింద బోర్డు మీద ఉంటాయి కాబట్టి పైన ఒకరు, కింద ఒకరు ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేస్తే తేలిక. కదలకుండా వెలిగే లైటు పవర్ ఇండికేటరో, ఎర్త్ లీకేజీదో అయ్యుంటుంది, దాన్ని లెక్కపెట్టకండి.

రెండుసార్లు తీయండి: మామూలుగా పని చేస్తున్నప్పుడు ఒకటి, షట్‌డౌన్ చేసి యూపీఎస్, రౌటర్ అలాగే వదిలేసి ఇంకొకటి. నా మటుకు రెండోదే ముఖ్యం. పని గంటలు నెలకు 260 అయితే, మిగతా 460 గంటలు ఆ రెండో అంకె నడుస్తూనే ఉంటుంది.

మియాపూర్_డెస్క్

మీటరు 3200ది. పనిలో ఉండగా 10 మినుకులకు 132 సెకన్లు, అంటే 85 వాట్లు. షట్‌డౌన్ చేశాక 4 మినుకులకు 205 సెకన్లు, 22 వాట్లు. అన్నీ ఆపితే లైటు కదల్లేదు. మొదటిది 22 యూనిట్లు, రెండోది 10. కలిపి 32. పెరిగింది 52 కదా, మిగతా 20 ఎక్కడివి?

రెడ్_బ్లింక్

తల ఎత్తి చూడండి. పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్లు. రోజుకు 10 గంటలు, 26 రోజులకు 19.5 యూనిట్లు. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో ఆ గదిలో పగలు ఫ్యాన్ తిరిగేది కాదు. మీ డబ్బా, మానిటర్ కలిసి తినేదీ ఇంచుమించు ఇంతే. వర్క్ ఫ్రం హోమ్ బిల్లు పెరిగిందని కంప్యూటర్‌ను అనుమానించే ప్రతి ఇంట్లోనూ మొదట చూడాల్సింది ఫ్యాన్, ఏసీ ఉంటే ఏసీ. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక గంట గట్టిగా నడిస్తే ఒక యూనిట్ పైనే అవుతుంది. ఒక్క యూనిట్‌తో మీ సెట్ మొత్తం 11 గంటలకు పైగా నడుస్తుంది.

బెజవాడ_బిల్లు

యూనిట్ల సంగతి తేలింది కాబట్టి రూపాయల సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని దెబ్బకొట్టింది స్లాబు. తెలంగాణలో 2022 నుంచి ఉన్న రేట్లలో, నెలకు 100 దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40, తర్వాత 100 యూనిట్లు 4.80. 201వ యూనిట్ పడితే ఈ రేట్లు పోయి మొదటి 200 యూనిట్లకూ 5.10, ఆపై 300 దాకా 7.70. అంటే 200 దగ్గర ఎనర్జీ చార్జీ 820 రూపాయలు, 201 దగ్గర 1027.70. ఒక్క యూనిట్‌కు 207.70.

మీ 172 యూనిట్లకు 685.60, 224కు 1204.80. పెరిగిన 52 యూనిట్లకు 519.20, అంటే యూనిట్‌కు దాదాపు పది రూపాయలు పడింది. అదే ఇల్లు విజయవాడలో ఉంటే? ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి టెలిస్కోపిక్ పద్ధతి: 30 దాకా 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. పై స్లాబులోకి వెళ్లినా కింది యూనిట్ల రేటు మారదు. అక్కడ 172కు 699, 224కు 1011, తేడా 312. కంప్యూటర్ అదే, ఫ్యాన్ అదే. అందుకే నెలకు కంప్యూటర్ బిల్లు ఎంత అని ఎవరడిగినా, ఇంటి మొత్తం వాడకం ఎంతో తెలియకుండా రూపాయల్లో చెప్పకూడదు. ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ, సర్దుబాటు చార్జీలు వీటికి అదనం.

తెలంగాణలో గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకైతే 200 గీత ఇంకా ముఖ్యం. దాటిన నెల జీరో బిల్లు పోయి మొత్తం బిల్లు పడుతుంది.

వోల్ట్_ఆంప్

అయితే లక్ష్యం 25 యూనిట్లు తగ్గించడం. సులువైనవి ముందు.

పని అయ్యాక యూపీఎస్‌ను గోడ స్విచ్ దగ్గర ఆపండి. యూపీఎస్ ముందువైపు ఉన్న బటన్ నొక్కితే అవుట్‌పుట్ మాత్రమే ఆగుతుంది, చాలా మోడళ్లలో లోపల చార్జర్ నడుస్తూనే ఉంటుంది. రౌటర్‌ను యూపీఎస్ నుంచి తీసి నేరుగా వేరే ప్లగ్‌లో పెట్టండి, లేకపోతే దాని కోసం యూపీఎస్ రాత్రంతా ఉంచాల్సి వస్తుంది. 22లో 14 వాట్లు తగ్గితే 460 గంటలకు 6.4 యూనిట్లు.

మానిటర్ కొన్నప్పుడు బ్రైట్‌నెస్ 100 మీద ఉంటుంది, గదిలో పని చేసుకోవడానికి 40, 50 చాలు. ఆరేడు వాట్లు తగ్గుతాయి, కళ్లకూ హాయి. స్క్రీన్ సేవర్ పెట్టి ఆదా అనుకోవద్దు, బొమ్మ నల్లగా ఉన్నా వెనక బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. స్క్రీన్ ఆఫ్ 5 నిమిషాలకు, స్లీప్ 15 నిమిషాలకు పెట్టండి. స్లీప్‌లో డెస్క్‌టాప్ 2, 3 వాట్లే.

స్లీప్ పెట్టినా పడుకోని మెషీన్లు బోలెడు. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌కు స్లాష్ పెట్టి రిక్వెస్ట్స్ అని ఇస్తే ఎవరు ఆపుతున్నారో పేరుతో సహా చెబుతుంది. ఎక్కువగా బ్రౌజర్‌లో ఆగకుండా వదిలేసిన వీడియో, లేదా ఆడియో డ్రైవర్. పడుకున్నది తనంతట తానే లేస్తుంటే అదే కమాండ్‌కు లాస్ట్‌వేక్ అని ఇవ్వండి. మౌస్ అయితే డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి కంప్యూటర్‌ను లేపే అనుమతి తీసేయండి. అర్ధరాత్రి లేచి తెల్లారేదాకా 40 వాట్లతో కూర్చున్న డబ్బా, నెలంతా అదే చేస్తే ఏడెనిమిది యూనిట్లు తినేస్తుంది.

మిగతాది ఫ్యాన్ల దగ్గరే. బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) ఫుల్ స్పీడులో 28 నుంచి 35 వాట్లు. పని గదిలో ఒకటి మారిస్తే దాదాపు 12 యూనిట్లు, రాత్రి 8 గంటలు తిరిగే పడకగదిలో ఇంకొకటి మారిస్తే 11. అన్నీ కలిపితే 193, 195 దగ్గరకు వస్తారు. 193కు ఎనర్జీ చార్జీ 786.40, ఇప్పటికంటే 418 తక్కువ. రెండు ఫ్యాన్లకు ఆరేడు వేలు పెట్టినా ఏడాదిన్నరలోపు తిరిగొచ్చేస్తుంది. బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్‌ను తప్పించి నేరుగా స్విచ్‌కు వైర్ ఇవ్వమనండి. రెగ్యులేటర్ మధ్యలో ఉంటే లోపలి బోర్డు పాడవుతుంది.

ఫ్రేమ్_రేట్

ఇది చదివి గేమింగ్ పీసీ వాళ్లు తమకూ ఇంతే అవుతుందనుకుంటారేమో. వాళ్ల లెక్క వేరు. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 170 వాట్లు, 4060 అయితే 115. గేమ్ నడిచేటప్పుడు మొత్తం సిస్టమ్ 250, 350 మధ్య ఉంటుంది. 300 వాట్లు, రోజుకు 3 గంటలు అంటే నెలకు 27 యూనిట్లు. సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటును మానిటర్ రిఫ్రెష్ రేటు దగ్గర ఆపండి, 75 హెర్ట్జ్ మానిటర్‌కు 200 ఫ్రేములు తయారుచేయడం దండగ. రెండు మానిటర్లు వేర్వేరు రిఫ్రెష్ రేట్లలో ఉంటే కొన్ని కార్డుల మెమరీ క్లాక్ కిందికి దిగదు, ఖాళీగా ఉన్నప్పుడే 10 లాగాల్సింది 30 లాగుతుంది. రెండింటినీ ఒకే రేటుకు తెచ్చి చూడండి.

మియాపూర్_డెస్క్

రౌటర్ మార్చేశాను. ఒక్కటే అనుమానం: యూపీఎస్‌ను రోజూ గోడ దగ్గర ఆపితే బ్యాటరీ పాడవదా?

వోల్ట్_ఆంప్

రాత్రి ఆపి పొద్దున వేస్తే ఏమీ కాదు. అందులో ఉండేది 12 వోల్టులు, 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ, ఒక రాత్రిలో తనంతట తాను కోల్పోయేది చాలా స్వల్పం. వారాల తరబడి ఊరెళ్తే మాత్రం పూర్తిగా చార్జ్ చేసి ఆపండి, తిరిగొచ్చాక కంప్యూటర్ వేసేముందు ఆరేడు గంటలు చార్జ్ పెట్టండి. ఇంకోటి, నిండిన బ్యాటరీతో లోడు లేకుండా ఉన్నప్పుడు యూపీఎస్ పైభాగం గోరువెచ్చగా ఉంటే సరే, చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బ్యాటరీ ముసలిదై చార్జర్‌ను ఆగనివ్వడం లేదని అర్థం. కవర్ తీయించి చూడండి, పక్కలు ఉబ్బి ఉంటే వెంటనే మార్చేయండి.