ఛాంబరులోకి దిగకుండా సీరియల్ పోర్టుకి కనెక్ట్ అవ్వాలి, ఫీల్డులో చేసినవాళ్లు చెప్పండి

కాలువగట్టు:
లిఫ్ట్ ఇరిగేషన్ పైపులైను మీద ఫ్లో మీటర్ల మెయింటెనెన్స్ చూస్తాను. మీటరు బాక్సు ఛాంబరు లోపలి గోడకి ఉంటుంది. సెట్టింగు మార్చాలంటే నిచ్చెన వేసుకుని ఆరడుగులు దిగాలి. ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో కేబులు. నిన్న మోకాలి లోతు నీళ్లలో నిలబడి స్పాన్ (మీటరు కొలిచే పరిధి) మార్చాను. పైనుంచి హెల్పర్ టార్చి వేస్తే మూలన పాము కుబుసం కనిపించింది. పని అయ్యేదాకా కాళ్లు కదపలేదు.

మీటరు సీరియల్ పోర్టు మామూలు ఆర్‌ఎస్-232 రకం, తొమ్మిది పిన్నుల డీబీ9 కనెక్టరు, స్పీడు 9600, సెట్టింగు 8-ఎన్-1. బ్లూటూత్ పెట్టాలా, వైఫై పెట్టాలా? దానికి పవరు ఎక్కడి నుంచి తీసుకోవాలి? ఐఫోన్‌తో అవుతుందా?

మూడువైర్లు:
బ్రదర్, హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్, ఓల్టేజీ మార్చే మ్యాక్స్3232 బోర్డు, అంతే. నేను మూడేళ్లుగా అదే వాడుతున్నా. మొదటి మాడ్యూల్‌ని మాత్రం నా చేతులతో నేనే కాల్చేశాను. మధ్యలో మ్యాక్స్3232 లేకుండా డీబీ9కి నేరుగా కలిపా. ఆర్‌ఎస్-232 లైను మైనస్ ఓల్టేజీకి కూడా వెళ్తుంది, మాడ్యూల్ పిన్ను తట్టుకునేది 3.3 ఓల్టులు. ఒక్కసారి వేడెక్కి వాసన వచ్చింది, పోయింది.

స్క్రీన్ మీద ఏమీ రాకపోతే ముందు డీబీ9లో 2, 3 పిన్నుల వైర్లు తారుమారు చేసి చూడండి. ఇంకోటి, విండోస్‌లో పెయిర్ చేశాక రెండు కామ్ పోర్టులు వస్తాయి. అవుట్‌గోయింగ్ అని ఉన్నదే తెరవాలి. ఇది తెలియక సైటు మీద సగం రోజు పోగొట్టుకున్నాను, క్లయింటు ఇంజినీరు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

ప్యానెల్‌పంతులు:
నాకు ఈ లైనులో 22 ఏళ్ల సర్వీసు. సిమెంటు ప్లాంటు, చక్కెర ఫ్యాక్టరీ, వాటర్ వర్క్స్ అన్నీ చూశాను. ఈ బ్లూటూత్ మాడ్యూళ్లు పిల్లల ప్రాజెక్టులకి సరిపోతాయి, ప్లాంటుకి పనికిరావు. ప్లాంటు పరికరాలు మాట్లాడుకునే మోడ్‌బస్ ఆర్‌టీయూ పద్ధతిలో ఫ్రేముకీ ఫ్రేముకీ (సందేశానికీ సందేశానికీ) మధ్య 3.5 అక్షరాల నిశ్శబ్దం ఉండాలి. 9600 దగ్గర అది సుమారు 4 మిల్లీసెకండ్లు. బ్లూటూత్ డేటాని ముద్దలు ముద్దలుగా పంపుతుంది. ముద్దకీ ముద్దకీ మధ్య గ్యాప్ వస్తే స్లేవ్ (జవాబిచ్చే పరికరం) అక్కడితో ఫ్రేము అయిపోయిందనుకుంటుంది. కేబులు పట్టుకుని వెళ్లండి, పని చేసుకోండి.

రెండోషిఫ్టు:
పంతులు గారూ, మీ సర్వీసుకి దండం పెడతాను గానీ, ఈ మాట సగమే నిజం. నేను రోజూ వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే డ్రైవ్) పారామీటర్లు బ్లూటూత్ మీదే చదువుతున్నా. రీడ్ రిక్వెస్టు ఎంత? ఎనిమిది బైట్లు. ఒకే ముద్దలో వెళ్తుంది, అవతల మాడ్యూల్ వైరు మీదకి వరసగా వదులుతుంది. మధ్యలో గ్యాప్ ఎక్కడిది? జవాబు ఆలస్యంగా వస్తుంది, అది పీసీ సాఫ్ట్‌వేర్ బాధ. టైమౌట్ 200 మిల్లీసెకండ్ల నుంచి 1000కి పెంచితే చక్కగా నడుస్తుంది. టైమౌట్ మార్చి చూడకుండా పనికిరాదని ఎలా అంటారు?

ప్యానెల్‌పంతులు:
చూడకుండా అన్నానని ఎవరు చెప్పారు? చదవడం వేరు, రాయడం వేరు. 60 రిజిస్టర్లు (పరికరంలో విలువలు ఉండే గడులు) ఒకేసారి రాస్తే ఫ్రేము 129 బైట్లు అవుతుంది. అది రెండు ముద్దలైతే ఏం చేస్తావు?

రెండోషిఫ్టు:
ఏమవుతుంది? సీఆర్‌సీ (ఫ్రేము చివర తప్పు పట్టే లెక్క) తప్పుతుంది, స్లేవ్ ఆ ఫ్రేముని పారేస్తుంది. సగం రాసి సగం వదిలేయదు కదా. మళ్లీ పంపితే సరి.

ప్యానెల్‌పంతులు:
ఒక ఫ్రేము గురించి నువ్వు చెప్పింది కరెక్టే. కానీ ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం పారామీటర్ ఫైలుని పది పదిహేను ఫ్రేములుగా పంపుతుంది. నా దగ్గర జరిగింది ఇదే. కొన్ని ఫ్రేములు దిగాయి, కొన్ని పోయాయి. యాక్సిలరేషన్ టైము కొత్తది, మోటారు కరెంటు లిమిట్ పాతది. చిన్న మోటారు స్థానంలో పెద్దది పెట్టాం, స్టార్ట్ చేసిన ప్రతిసారీ ట్రిప్. రాత్రి రెండింటికి కారణం దొరికింది. అప్పటికి ప్లాంటు నాలుగు గంటలు ఆగింది, తిట్లన్నీ నాకే. ఊరికే చెప్పడం లేదు తమ్ముడూ.

రెండోషిఫ్టు:
అలాగైతే డౌన్‌లోడ్ అయ్యాక తిరిగి చదివి పోల్చుకోవాలి. కేబులు మీద చేసినా ఆ పని చేయాలి. అది మానేసి తప్పంతా బ్లూటూత్ మీద వేయడం న్యాయం కాదు.

కాలువగట్టు:
అన్నలూ, నాది మోడ్‌బస్ కాదు. టెర్మినల్ తెరిస్తే మామూలు మెనూ వస్తుంది, నంబరు కొట్టి ఎంటర్ నొక్కాలి. పవరు గురించి ఎవరైనా చెప్పండి.

దోహాకాపు:
నేను గల్ఫ్‌లో నెట్‌వర్క్ పని చేస్తాను, స్విచ్చులు, రౌటర్లు. వేసవిలో బయటి క్యాబినెట్ ముందు పావుగంట నిలబడితే కళ్లు తిరుగుతాయి. అందుకే కారులో ఏసీ వేసుకుని బ్లూటూత్ మీద వాటి కన్సోల్ (సెట్టింగులు మార్చే సీరియల్ పోర్టు) తెరవడం మొదలుపెట్టాను. అంతా బాగుంది, పాస్‌వర్డ్ రికవరీ దగ్గర దెబ్బ తిన్నాను. బూట్ అయ్యేటప్పుడు బ్రేక్ సిగ్నల్ (లైనుని కాసేపు ఒకే స్థితిలో పట్టి ఉంచడం) ఇవ్వాలి. హెచ్‌సీ-05 బ్రేక్‌ని అవతలికి పంపదు. కేబులు మీదైతే ఒక చిట్కా ఉంది, టెర్మినల్‌ని 1200కి దించి స్పేస్ బార్ నొక్కుతూ ఉంటే రౌటరుకి అదే బ్రేక్‌లా కనిపిస్తుంది. ఇక్కడ అదీ పారదు. వైరు మీది స్పీడు మాడ్యూల్ లోపల ముందే ఏటీ కమాండ్ అనే సెట్టింగు ఆదేశంతో పెట్టింది, టెర్మినల్‌లో ఎంత మార్చినా దానికి పట్టదు.

చివరికి ఆర్‌ఎఫ్‌సీ 2217 (సీరియల్ పోర్టుని నెట్‌వర్క్ మీద నడిపే పద్ధతి) పూర్తిగా సపోర్ట్ చేసే వైఫై సీరియల్ బాక్సు కొన్నాను. స్పీడు మార్చడం, బ్రేక్ పంపడం, రెండూ నెట్‌వర్క్ మీదే అవుతాయి. కాకపోతే ఆ వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఫోను దాన్ని వదిలేసి మొబైల్ డేటాకి వెళ్లిపోతుంది. ముందే డేటా ఆపేయాలి.

మూడువైర్లు:
ఫ్లో మీటరుకి పాస్‌వర్డ్ రికవరీ ఎందుకు అన్నా? ఆయన అడిగింది అది కాదు.

దోహాకాపు:
చదివేవాళ్లు ఆయన ఒక్కడే కాదు. నేను పడ్డ బాధ ఇంకొకరు పడకూడదని రాశాను. ఇష్టం లేకపోతే వదిలేయండి.

ఎండపల్లె:
పవరు సంగతి నేను చెప్తా. పవర్‌బ్యాంకు పెడితే అరనిమిషంలో ఆగిపోతుంది. ఈ మాడ్యూల్ తీసుకునే కరెంటు చాలా తక్కువ. లోడు లేదనుకుని పవర్‌బ్యాంకు తనంతట తనే ఆఫ్ అవుతుంది. నేను 18650 లిథియం సెల్లు హోల్డరు, చిన్న ఛార్జింగు బోర్డు పెట్టాను, రోజంతా వస్తుంది. డీబీ9లో 9వ పిన్ను మీద 5 ఓల్టులు వస్తాయని కొందరు అంటారు. కొన్ని పరికరాల్లోనే వస్తాయి. మల్టీమీటరుతో కొలవకుండా కలపొద్దు.

నేను వైర్‌లెస్‌కి ఎందుకు మారానంటే, బోరు ప్యానెల్ ఎర్తింగు సరిగా లేని చోట ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టుకుని కేబులు గుచ్చాను. చిటుక్కుమని చిన్న మెరుపు, యూఎస్‌బీ పోర్టు పోయింది, దాంతో మదర్‌బోర్డు కూడా. రెండు ఎర్తుల మధ్య తేడా నా ల్యాప్‌టాప్ గుండా పారింది. సెల్లు మీద నడిచే బ్లూటూత్ అయితే ప్యానెల్‌కీ నాకూ మధ్య రాగి తీగే ఉండదు. పంతులు గారు కేబులే పట్టుకెళ్లమంటున్నారు. ఐసోలేటర్ (రెండు వైపుల మధ్య కరెంటు దారి తెంచే పరికరం) లేకుండా అలా చెప్పకండి సార్, కొత్త పిల్లలు వింటారు.

ప్యానెల్‌పంతులు:
ఐసోలేటర్ పెట్టుకోవాలి, అందులో వాదన లేదు. నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది.

నల్లరేగడి:
ఐఫోన్ సంగతి: హెచ్‌సీ-05 పాత తరహా బ్లూటూత్, ఐఫోన్ దానితో సీరియల్ మాట్లాడదు. బీఎల్‌ఈ (తక్కువ కరెంటు తీసుకునే కొత్త తరహా బ్లూటూత్) మాడ్యూల్ కావాలి. ఈఎస్‌పీ32 అనే వైఫై, బ్లూటూత్ చిప్పు తీసుకుంటే మొదటి రకంలో పాతదీ బీఎల్‌ఈ రెండూ ఉంటాయి. ఎస్3, సీ3 రకాల్లో బీఎల్‌ఈ మాత్రమే. ఆండ్రాయిడ్ ఉంటే ఈ గొడవే లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. మాడ్యూల్‌ని ప్యానెల్లోనే వదిలేసి రావొద్దు. పెయిరింగ్ పిన్ను (పాస్‌వర్డ్) 1234 అని లోకమంతా తెలుసు. రోడ్డు పక్క పంపుహౌసులో దారిన పోయేవాడి ఫోనులో హెచ్‌సీ-05 అని పేరుతో సహా కనిపిస్తుంది.

మూడువైర్లు:
పల్లెటూళ్లో ఎవరు వస్తారండీ హ్యాక్ చేయడానికి? నావి నాలుగు చోట్ల అలాగే ఉన్నాయి.

నల్లరేగడి:
హ్యాకరే రానక్కర్లేదు. ఆ మీటరు రీడింగు మీద నీళ్ల లెక్క నడుస్తుంది. రెండు ఊళ్ల మధ్య నీళ్ల తగాదా ఉన్న చోట మీటరు స్పాన్ ఎవరికి పడితే వాళ్లకి తెరిచి పెడతారా? పొలాలు ఎండేది వాళ్లవి, మీవి కాదు.

మూడువైర్లు:
సరే, ఒప్పుకుంటున్నా. ఈ వారం వెళ్లి తీసేస్తాను.

కాలువగట్టు:
రిపోర్టు ఇస్తున్నాను. హెచ్‌సీ-05, మ్యాక్స్3232, 18650 సెల్లు. మొదట డబ్బాని మీటరు పక్కనే పెట్టి ఛాంబరు ఇనుప మూత వేశాను, సిగ్నల్ పూర్తిగా పోయింది. తర్వాత అయిదు మీటర్ల సీరియల్ కేబులు మీటరుకి గుచ్చి, రెండో కొస పైకి తెచ్చి రెయిలింగుకి కట్టేశాను. డబ్బా ఇప్పుడు పైనే. జీపులో కూర్చుని ఆండ్రాయిడ్ ఫోనులో మెనూ తెరిచా, స్పాన్, డ్యాంపింగు (రీడింగు ఊగకుండా చేసే సెట్టింగు) రెండూ మార్చి, తిరిగి చదివి చూసుకున్నా. అన్నీ దిగాయి. పెయిరింగ్ పిన్ను మార్చాను, డబ్బా విప్పి బ్యాగులో వేసుకున్నాను. కేబులు మాత్రం అక్కడే ఉంటుంది, ఇక దిగక్కర్లేదు.

ప్యానెల్‌పంతులు:
మంచి పని చేశావు. ఆ పైకొస డీబీ9కి రబ్బరు టోపీ వేసి, నోరు కిందకి ఉండేలా కట్టు. ఒక్క వానకే పిన్నులు చిలుము పడతాయి.