సమస్యాపూరణం: "కోట లేని యూర కోట నిలిచె"

సమస్య అంటే ముందుగా ఇచ్చే పాదం, మిగతా పాదాలు రాసి దాన్ని పద్యంగా పొసగించడం పూరణ. ఈ వారం సమస్య ఆటవెలది అనే ఛందస్సులో చివరి పాదం. నిడదవోలు అంటే చాలామందికి భీమవరం వైపు రైలు మార్గం చీలే జంక్షన్. ఒకనాడు అది నిరవద్యపురం, తూర్పు చాళుక్యుల శాఖ ఒకటి ఏలిన పట్టణం. కాకతి గణపతిదేవుడు తన కూతురు రుద్రమదేవిని ఆ వంశంలోని వీరభద్రుడికే ఇచ్చాడు. ఇప్పుడు స్టేషనులో దిగి కోట ఎటు అని అడిగితే, పక్కనే తిమ్మరాజుపాలెంలో ఉన్న కోట సత్తెమ్మ గుడికి దారి చూపిస్తారు. పోయినసారి అలా అడిగి వచ్చినప్పుడే ఈ పాదం తట్టింది. యతి (పాదం మొదటి అక్షరానికి, నడుమ నియమించిన చోటి అక్షరానికి పొత్తు కుదరడం) ఎంత ముఖ్యమో చరిత్ర కూడా అంతే ముఖ్యమని మిత్రులకు మనవి.

నరసాపురం మాస్టారి పూరణ:

కూలె బురుజులెల్ల గోడలు మన్నయ్యె
కందకముల లోన గడ్డి మొలచె
అమ్మ పేరులోన నక్షరమ్ముగ నిల్చి
కోట లేని యూర కోట నిలిచె

మాస్టారూ, "అక్షరమ్ముగ" అన్నచోట ఆగి రెండుసార్లు చదువుకున్నాను. అక్షరం అంటే రాసేదీ, నశించనిదీ కూడా. సత్తెమ్మ తల్లి కోటకు కావలి దేవత అని స్థలపురాణం చెబుతుంది. కాపాడవలసిన కోట పోయి, కాపాడే తల్లి పేరులో కోట మిగిలింది. సమస్యలోని విరోధం ఇక్కడ ఎంతో సహజంగా విడిపోయింది.

రెండు సవరణలు మాత్రం చెప్పక తప్పదు. పద్యం మధ్యలో పాదాన్ని ముందు మాటతో సంధి చేయకుండా అచ్చుతో మొదలుపెట్టారు. మొలచెన్ + అమ్మ కలిస్తే "నమ్మ" అవుతుంది. అప్పుడు "నమ్మ", "నక్షర" యతి కంటికి కూడా కనబడుతుంది. రెండోది, డెల్టాలో పల్లపు నేల గడ్డికి వదిలేస్తారా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక నీరందిన చోటల్లా వరి చేనే. "కందకముల లోన గంకు లూగె" అంటే యతీ కుదురుతుంది, మన నేలా కనబడుతుంది.

కొవ్వూరు నుంచి ఒక విద్యార్థి పూరణ:

వీరభద్రు నాలి వీరరుద్రమదేవి
యోరుగల్లు నేలె నోర్పు మీర
మట్టి కలిసినట్టి మామగారి పురిని
కోట లేని యూర కోట నిలిచె

నాయనా, గణాలు (లఘువులు, గురువుల గుంపులు) ఒక్కటీ తప్పలేదు. మొదటి పాదం నడక ఎంతో బాగుంది. చరిత్ర దగ్గరే చిక్కు వచ్చింది. రుద్రమ ఏలినది 1262 నుంచి 1289 వరకు. అప్పటికి నిరవద్యపురం మట్టిలో కలవలేదు, చాళుక్యుల ఊరిగా వెలుగుతూనే ఉంది. ఆమె మనుమడు ప్రతాపరుద్రుడి కాలంలో, 1323లో, ఓరుగల్లు పడిపోయింది. రాజమహేంద్రవరం కూడా ఢిల్లీ సేనల చేతికి చిక్కింది. అక్కడి మసీదులో ఉన్న 1324 నాటి శాసనం అందుకు సాక్ష్యం. పైగా నీ పద్యంలో నిలిచిన కోట ఏదో తెలియడం లేదు. రుద్రమే కోట అనుకోవాలంటే ఆ మాట ఎక్కడా అనలేదు. "ఓర్పు మీర" యతి కోసం వచ్చి కూర్చున్న మాట. సామంతుల తిరుగుబాట్లను ఎదిరించిన రాణికి అది చాలదు. ఇలా మార్చి చూడు:

వీరభద్రు నాలి వీరరుద్రమదేవి
యోరుగల్లు నేలె నొంటిచేత
మెట్టినింటి పేరు మిగిలె శాసనమందు
కోట లేని యూర కోట నిలిచె

ఇప్పుడు శాసనమే కోట. ఊరు ఈనాటిది, రాణి ఆనాటిది. రెంటినీ మూడో పాదం కలుపుతుంది.

పెనుగొండ నుంచి ఒక రైతు సోదరుడు:

వానకారు గడచి వరికుప్ప లేపుగా
పొలము నడుమ లేచె బురుజు లనగ
రాజు లేడు గాని రైతు కాపున్నాడు
కోట లేని యూర కోట నిలిచె

చరిత్ర జోలికి పోకపోయినా మూడో పాదానికి నమస్కారం. "రా", "రై" యతి చక్కగా చెల్లుతుంది.

తణుకు నుంచి ఒక అమ్మ పంపిన పూరణ చివర వచ్చింది. నా మనసు మాత్రం దీనిమీదే నిలిచిపోయింది:

పాత కోట యిటుక పట్టుకొచ్చెను నాడు
పెరటిలోన గట్టె పెద్దతల్లి
తులసి దీప మింట దొలగని వెలుగయ్యె
కోట లేని యూర కోట నిలిచె

తులసికోట! పాదం ఇచ్చిన నాకే తట్టలేదు. రాతికొండలు లేని ఈ ఒండ్రునేలలో కట్టడమంటే ఇటుకా మట్టే. పాడుబడిన గోడల ఇటుకలు జనం ఇళ్లకు మోసుకుపోవడం ఎక్కడైనా జరిగేదే. కోట ఎలా పోయిందో, ఎలా మిగిలిందో నాలుగు పాదాల్లో చెప్పారు. "పట్టుకొచ్చెను" వాడుకమాటగా ముద్దుగానే ఉంది, కానీ మిగతా పద్యం తీరుతో కలవడం లేదు. "పాత కోట యిటుక పదిలమ్ముగా దెచ్చి" అంటే రెండో పాదంలోకి వాక్యం సాఫీగా సాగుతుంది.

ఆమె జవాబు: "సవరణ బాగుందండీ, అలాగే ఉంచండి. ఆ ఇటుక నిజంగానే మా పెరట్లో ఉంది. సున్నం వేసేటప్పుడు జానతో కొలిచాను, ఇప్పటి ఇటుకకన్నా వెడల్పు. అది ఏ కాలానిదో తెలిసినవారు చూసి చెప్పాలి. 'పాత కోట ఇటుక' అన్నది మాత్రం మా పెద్దమ్మ మాట. రోజూ దీపం పెట్టేటప్పుడు అలాగే అనేది."