వాటర్ ప్లాంటుకి లోడు బండి: డీజిలా, పెట్రోలా? వాడినవాళ్లు చెప్పండి

పల్నాడు_నీళ్లు
నరసరావుపేటలో చిన్న వాటర్ ప్లాంటు ఉంది నాకు. ఇన్నాళ్లూ అద్దె ట్రాలీ ఆటోతో క్యాన్లు వేయిస్తున్నాను. అతను ఏ రోజు వస్తాడో ఏ రోజు రాడో తెలియక పొద్దున్నే టెన్షన్, అందుకని సొంత బండి తీసుకుందామని తిరుగుతున్నాను. పనల్లా ఊళ్లోనే, సందు సందుకీ ఆపుతూ 20 లీటర్ల క్యాన్లు దించడం, రోజుకి 40 కిలోమీటర్లు దాటదు. వారానికోసారి గుంటూరు వెళ్లి ఖాళీ క్యాన్లు, మూతలు తెచ్చుకోవాలి. మా మామయ్య "లోడు బండికి పెట్రోలేంట్రా, నవ్విపోతారు" అంటాడు. షోరూం కుర్రాడేమో పెట్రోలే తీసుకోండి సార్ అని రోజూ ఫోను (వాళ్ల దగ్గర ఏది స్టాకుంటే అదే మంచి బండి, అది వేరే సంగతి). పెట్రోలు కన్నా డీజిల్‌కి లక్షకు అటూ ఇటూ ఎక్కువ చెబుతున్నారు. వీడియోలు చాలా చూసేశాను, లింకులు పెట్టకండి, వాడినవాళ్లు మాట్లాడండి.

బోయినపల్లి_ట్రిప్పు
డీజిలే అన్నా, రెండో మాట లేదు. నేను గజ్వేల్ సైడు నుంచి బోయినపల్లి మార్కెట్‌కి కూరగాయలు ఏస్త, టన్నున్నర పికప్, రోజూ నూరు నూటిరవై కిలోమీటర్లు. టమాటా సీజన్లో ట్రేలు ఎంత ఎత్తు పేర్చినా బండి ఆగదు. పెట్రోలు బండి మీద ఆ లోడు పెడితే ఫస్టు గేరు, సెకండు గేర్లలోనే తెల్లారిపోతది.

లెక్కల_మాస్టారు
బోయినపల్లి తమ్ముడూ, నువ్వు చెప్పింది నీకు నూటికి నూరుపాళ్లు కరెక్టే, కానీ ఆయన తిరిగేది నీ దాంట్లో మూడో వంతు. అసలు టన్నున్నర క్లాసులో పెట్రోలు అడుగుదామన్నా దొరకదు కదా, బొలెరో పికప్ అయినా, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ అయినా పెట్రోలు ఇంజన్ లేదు. ఈ డీజిలా పెట్రోలా అన్న ప్రశ్నంతా టన్ను లోపు బండ్లకే.

ఇక లెక్క. ఏపీలో పెట్రోలు 110, డీజిల్ 98 అని రౌండుగా వేసుకుందాం. సందుల్లో ఆపుతూ పోతే చిన్న పెట్రోలు బండి లీటరుకి 12 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి, డీజిల్ 16. కంపెనీ వాళ్ల కాగితం మీద ఇంకా ఎక్కువే ఉంటుంది, దాన్ని పక్కన పెట్టండి. 40 కిలోమీటర్లకు పెట్రోలు 367 రూపాయలు, డీజిల్ 245. రోజుకి 122 మిగులు, నెలకి 26 రోజులు తిప్పితే 3,170 దాకా. లక్ష తేడా తీరడానికి రెండేళ్ల ఎనిమిది నెలలు. ఆ లక్ష కూడా ఫైనాన్స్‌లో తెస్తారు కాబట్టి వడ్డీ కలిపితే మూడేళ్లు దాటుతుంది. అదే బోయినపల్లి తమ్ముడిలాగా 120 తిరిగితే ఏడాదిలోపే తీరిపోతుంది. గుంటూరు ట్రిప్పు నేను లెక్కలో వేయలేదు, అది వేసినా పెద్దగా మారదు.

పానా_పట్టినోడు
విజయవాడ ఆటోనగర్లో మెకానిక్‌ని. మాస్టారి లెక్కలో రిపేరు లేదు, అది నేను చెబుతా.

2020 ఏప్రిల్ నుంచి వచ్చేవన్నీ బీఎస్6, అంటే పొగ మీద కొత్త రూలు బండ్లు, అంతకుముందువి బీఎస్4. డీజిల్ బండ్లు చాలావాటికి పొగగొట్టంలో డీపీఎఫ్ ఉంటుంది, అంటే మసిని పట్టుకునే ఫిల్టరు. అది నిండాక దానంతట అదే కాల్చుకుని శుభ్రం చేసుకోవాలి, దానికి లోపల 600 డిగ్రీల దాకా వేడి రావాలి. హైవే మీద ఓ ఇరవై నిమిషాలు ఒకే స్పీడులో పోతే ఆ పని దానంతట అదే అయిపోతుంది, డ్రైవరుకి తెలియను కూడా తెలియదు. మీలాగా రెండొందల గజాలకోసారి ఆపి, ఇంజన్ కట్టేసి, క్యాన్ దించి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ వేడి ఎక్కడొస్తుంది? కాల్చడం మొదలుపెడుతుంది, మీరు తాళం తిప్పి ఆపేస్తారు. మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ ఆపేస్తారు. కాల్చడానికని ఎక్కువగా కొట్టిన డీజిల్ మండక సిలిండరు గోడల మీదుగా జారి ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది, వాసన చూస్తే డీజిల్ కంపు. అలాంటి బండి వస్తే నేను ముందు అడిగేది "ఊళ్లోనే తిప్పుతారా" అని. నూటికి తొంభై అవుననే అంటారు. డీపీఎఫ్ లైటు వెలిగినా పట్టించుకోకపోతే బండి గుంజడం తగ్గిపోతుంది, చివరికి సర్వీసు సెంటర్లో కంప్యూటర్ పెట్టి బలవంతంగా కాల్చాలి. అదీ కాకపోతే ఫిల్టరు మార్చాలి, ఆ బిల్లు మాత్రం నన్ను అడక్కండి.

మీకు కొంత నయమేంటంటే వారానికోసారి గుంటూరు రోడ్డెక్కుతారు. ఆ రోజు ఫిల్టరు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.

పల్నాడు_నీళ్లు
బాబోయ్. ఇవేవీ షోరూంలో ఒక్క ముక్క చెప్పలేదండి. యూరియా పోయాలి అంటారు, అది దీనికేనా?

పానా_పట్టినోడు
అది వేరే. డెఫ్ అంటారు, యాడ్‌బ్లూ అన్నా అదే. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి. అన్ని డీజిల్ బండ్లకీ ఉండదు, కొన్ని చిన్న ఇంజన్లలో ఎల్ఎన్‌టీ అని వేరే పద్ధతి పెడతారు, దానికి ఏమీ పోయక్కర్లేదు. కొనేముందు డీజిల్ మూత పక్కన నీలం మూత ఉందేమో చూడండి, ఉంటే డెఫ్ బండే. అది అయిపోయేదాకా ఊరుకుంటే బండి ముందు గుంజడం మానేస్తుంది, కొన్ని అసలు స్టార్టే కావు.

ఇంకో మాట, ఇది నవ్వుకోడానికి చెప్పట్లేదు. పొలానికి తెచ్చిన యూరియా బస్తా విప్పి బోరు నీళ్లలో కలిపి పోసినవాళ్లు ఉన్నారు. ఆ మలినాలన్నీ గట్టిపడి పంపు, నాజిల్ రెండూ పోతాయి.

మన్యం_రోడ్లు
పాడేరు ఘాట్లో పసుపు, అల్లం దించే పని మాది. మాకు డీజిల్ తప్ప గతి లేదు. ఎత్తులో లోడుతో ఎక్కేటప్పుడు తక్కువ ఆర్పీఎంలో గుంజే శక్తి కావాలి, మా రెండున్నర లీటర్ల డీజిల్ మూడో గేరులో గొణుక్కుంటూ ఎక్కేస్తుంది. దిగేటప్పుడు కూడా పెద్ద ఇంజను పట్టు వేరే. కానీ నీళ్ల బండికి ఇదంతా దండగ. నరసరావుపేటలో ఘాట్ ఎక్కడిది, కోటప్పకొండ తిరునాళ్లకి నీళ్లు వేస్తే తప్ప :)

పల్నాడు_నీళ్లు
తిరునాళ్లకి వేస్తానండి, మంచి గిరాకీ అప్పుడే!

లెక్కల_మాస్టారు
గుంజే శక్తి అంటే డీజిలే అని అందరూ ఊరికే అనేస్తారు, పెద్ద ఇంజన్లకి అది నిజం. చిన్న బండ్లలో తిరగబడింది. మారుతి సూపర్ క్యారీ 2016లో వచ్చినప్పుడు 793 సీసీ రెండు సిలిండర్ల డీజిల్, టార్క్ (అంటే ఆ గుంజే శక్తే) 75 న్యూటన్ మీటర్లు. బీఎస్6 వచ్చాక ఆ డీజిల్ తీసేశారు. ఇప్పుడు ఉన్నది 1.2 లీటర్ నాలుగు సిలిండర్ల పెట్రోలు, టార్క్ 104. టాటా వాళ్లు 2025 జూన్‌లో తెచ్చిన ఏస్ ప్రోకి అసలు డీజిలే పెట్టలేదు, పెట్రోలు, పెట్రోలుతో సీఎన్‌జీ, ఎలక్ట్రిక్, అంతే. చిన్న ఇంజనుకి ఈ ఫిల్టర్లన్నీ తగిలిస్తే బండి ధరకు పొత్తు కుదరదు, కంపెనీలు అందుకే వదిలేస్తున్నాయి. మీ మామయ్య చెప్పింది 2010 నాటి బండ్లకి అక్షరాలా నిజం, ఆయన్ని ఏమీ అనకండి.

గ్యాస్_క్యూలో_ఉన్నా
ఎవరూ సీఎన్‌జీ మాట ఎత్తరేం? రన్నింగ్ ఖర్చు డీజిల్ కన్నా తక్కువే పడుతుంది నాకు. నేను విజయవాడలో బేకరీ సరుకు వేస్తాను. అయితే రెండు విషయాలు. ఒకటి, మా దగ్గరి బంకుకి పైపులైను లేదు, గ్యాస్ సిలిండర్ల లారీలో వస్తుంది. లారీ ఖాళీ అయ్యే టైముకి వెళ్తే ప్రెజర్ ఉండదు, ట్యాంకు సగమే నిండుతుంది, బిల్లు కట్టి బయటికొచ్చాక మీటరు చూసుకుంటే ఏడుపొస్తుంది. పొద్దున్నే లారీ దిగిన వెంటనే వెళ్లాలి, అప్పుడేమో ఆటోలన్నీ అక్కడే. రెండు, సిలిండరుకి మూడేళ్లకోసారి టెస్టింగ్ చేయించాలి, లేకపోతే బంకులో గ్యాస్ కొట్టరు.

లెక్కల_మాస్టారు
మూడోది కూడా ఉంది, నీళ్ల వ్యాపారానికి అదే ముఖ్యం. సిలిండరు బరువు మీ లోడులోంచే పోతుంది. సూపర్ క్యారీ పెట్రోలుకి 740 కిలోలు వేయొచ్చు, సీఎన్‌జీకి 625. నిండు క్యాన్ 21 కిలోలు అనుకుంటే పెట్రోలు బండిలో 35, గ్యాస్ బండిలో 29. ఏస్ ప్రో 750 కిలోలు, అక్కడా 35. ట్రిప్పుకి ఆరు క్యాన్లు తగ్గితే రోజులో ఇంకో ట్రిప్పు పెరుగుతుంది, గ్యాస్‌లో మిగిలింది అక్కడ పోతుంది.

పల్నాడు_నీళ్లు
మాస్టారూ, నేను ట్రిప్పుకి 50 వేద్దామనుకున్నాను. ఆటోవాడే 40 వేసేవాడు.

పానా_పట్టినోడు
ఆటోవాడి కమాన్లు ఎప్పుడైనా కిందకి వంగి చూశారా? 50 అంటే టన్ను పైమాటే. అలా వేసేటట్టయితే చిన్న బండి వద్దే వద్దు. క్లచ్ ప్లేటు, కమాన్లు, వెనక టైర్లు, పెట్రోలయినా డీజిలయినా అన్నీ అంతే. అప్పుడు టాటా ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్ లాంటి పై సైజు చూడండి. అక్కడ డీజిల్‌కి అర్థముంది, ఇంట్రా వీ30 లో 1.5 లీటర్ డీజిల్, 140 టార్క్, 1300 కిలోలు. కానీ మీ సందుల్లో తిరుగుతుందా అన్నది మీరే చూసుకోవాలి.

డాలస్_నుంచి
ఇక్కడ టెక్సాస్‌లో ఉంటాను, పికప్ లేని ఇల్లు తక్కువ. సరదాగా చెబుతున్నా, ఇక్కడ కథ తలకిందులు. మామూలు సైజు పికప్పులన్నీ దాదాపు పెట్రోలే. ఫోర్డ్ ఎఫ్-150కి 3 లీటర్ల డీజిల్ ఉండేది, 2021 తర్వాత ఆపేశారు. రామ్ 1500 డీజిల్ 2023లో పోయింది. మన దగ్గర డీజిల్ చవక, ఇక్కడ గ్యాలన్ డీజిల్ పెట్రోలు కన్నా ఎక్కువ రేటు పలుకుతుంది. ఫెడరల్ టాక్సే పెట్రోలుకి 18.4 సెంట్లు, డీజిల్‌కి 24.4. పెద్ద ట్రక్కులకి డీజిల్ ఇంజను కావాలంటే పదివేల డాలర్ల దాకా అదనం. అయినా ట్రైలర్‌కి గుర్రాలనో పడవనో తగిలించుకుని రోజూ లాగేవాళ్లు అదే కొంటారు. ఆఫీసుకి వెళ్లొచ్చే మా కొలీగ్ ఒకతను మోజుపడి డీజిల్ కొని, ఇదిగో పైన చెప్పిన ఫిల్టరు లైటుతోనే తంటాలు పడుతున్నాడు.

చెరువుగట్టు
భీమవరం దగ్గర రొయ్యల మేత వేసే బండి నాది, బీఎస్4 డీజిల్, 2019 మోడల్. ఫిల్టరు గోల లేదు, డెఫ్ లేదు, గట్టు మీద ఆగిపోయినా పక్క ఊరి మెకానిక్ వచ్చి విప్పేస్తాడు. అన్నగారూ కొత్తదే ఎందుకు, మంచి బీఎస్4 సెకండ్ హ్యాండ్ చూడొచ్చుగా?

పానా_పట్టినోడు
చూడొచ్చు, కానీ ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి కాదు, ఏటా. సెకండ్ హ్యాండ్‌కి ఫైనాన్స్ వడ్డీ కూడా ఎక్కువ. కొనేటట్టయితే చల్లారిన ఇంజన్ మీద స్టార్ట్ చేసి చూడండి, అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే అనుమానించాలి. ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున కొడుతుంటే ఇంజన్ లోపల అరిగి బోరుకొచ్చినట్టే.

బోయినపల్లి_ట్రిప్పు
డీజిల్ బండి పదేళ్లకు తుక్కు కింద పోతదంట కదా?

లెక్కల_మాస్టారు
అది ఢిల్లీ చుట్టుపక్కల రూలు తమ్ముడూ, మనకు కాదు. ఇది చెప్పే ఓ బ్రోకరు మా బంధువు బండిని సగం ధరకు అడిగాడు.

చెరువుగట్టు
పెట్రోలు అంటున్నారు సరే, 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారుగా, మైలేజీ?

లెక్కల_మాస్టారు
తగ్గుతుంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కన్నా మూడో వంతు శక్తి తక్కువ. అందుకే నేను 12 వేసింది, షోరూంవాళ్లు చెప్పే అంకె వేయలేదు. కొత్త బండ్లు దానికి తగ్గట్టే వస్తున్నాయి కాబట్టి రబ్బరు పైపులు పాడవుతాయన్న భయం అక్కర్లేదు.

పల్నాడు_నీళ్లు
అందరికీ థ్యాంక్సండీ. పెట్రోలు వైపే మొగ్గాను, ట్రిప్పుకి 35 క్యాన్లు, రెండు ట్రిప్పులు మూడు చేస్తాను. టెస్టు డ్రైవ్‌కి ఖాళీ బండి ఇస్తామంటున్నారు, ఖాళీ బండి ఎవడికి కావాలి? నా క్యాన్లు నేనే తెచ్చుకుని ఎక్కిస్తానని అడిగాను, మేనేజర్ని కనుక్కుని చెబుతామన్నారు.

పానా_పట్టినోడు
ఒప్పించండి. రైల్వే గేటు దగ్గర ఎత్తుంటే లోడుతో అక్కడ ఆపి, హ్యాండ్ బ్రేకు మీద నుంచి కదిలించి చూడండి. క్లచ్ వాసన వస్తే ఆ లోడు ఆ బండికి ఎక్కువ.

పాలకేంద్రం_చిత్తూరు
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మాది పాల సేకరణ, పొద్దున సాయంత్రం పల్లెలన్నీ తిరిగి రోజుకి 130 పైనే, ఆగడం ఎక్కువే గానీ ఊరికీ ఊరికీ మధ్య మంచి రోడ్డు. లోడు 1200 కిలోలు. మాకు?

బోయినపల్లి_ట్రిప్పు
డీజిల్. ఈసారన్నా ఒప్పుకోండి మాస్టారూ.

లెక్కల_మాస్టారు
ఒప్పుకున్నా. కాకపోతే పాలు దించేటప్పుడు ఫిల్టరు కాలుతుంటే ఇంజన్ ఆపొద్దు. కర్ణాటక బోర్డరు దాటే పని ఉంటే డీజిల్ అక్కడే కొట్టించుకోండి, లీటరుకి నాలుగైదు రూపాయలన్నా మిగులుతుంది.