ఉత్తరాంధ్ర మాటల ప్రాజెక్టు: గిట్‌హబ్‌లోనే ఉంచాలా, సొంత సర్వర్‌కి మార్చాలా?

మద్దిలపాలెం_కుర్రాడు:
నమస్కారమండీ. మేం నలుగురం కలిసి ఉత్తరాంధ్ర మాటలతో స్పెల్‌చెకర్ నిఘంటువు తయారుచేస్తున్నాం. లిబ్రేఆఫీస్‌లో పనిచేసే హన్‌స్పెల్ (స్పెల్లింగు సరిచూసే ప్రోగ్రాము) ఫైళ్లు, వాటిని పుట్టించే పైథాన్ స్క్రిప్టులు, అంతే. ఇప్పుడు గిట్‌హబ్‌లో ఉంది, అంటే కోడ్ దాచుకుని నలుగురూ కలిసి పనిచేసుకోడానికి ఒక కంపెనీ నడిపే సైటులో. మాటలు పంపేది ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం వైపు మాస్టార్లు. ఒక్కో మాటకీ ఒక ఇష్యూ, అంటే చర్చ పేజీ, తెరుస్తాం. టెక్కలి వైపు ఇలా అంటారని ఒకరు, కాదు బొబ్బిలిలో ఇలా అని ఇంకొకరు అక్కడే రాస్తారు.

మాలో ఒకడు ఇదంతా పరాయి కంపెనీ చేతిలో ఎందుకని పట్టుబట్టాడు. వాళ్లింట్లో ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ మీద గిటీ (గిట్‌హబ్ లాంటి సైటుని సొంతంగా నడుపుకునే సాఫ్ట్‌వేర్) వేసి నడిపేద్దామంటాడు. ఇల్లు విశాఖలో, సముద్రం పక్కన లాసన్స్ బే కాలనీలో. ఫైబర్ కనెక్షన్ ఉంది, ఇన్వర్టర్ ఉంది. నాకు ఎటూ తేలడం లేదు. ఇలాంటిది నడిపినవాళ్లు చెప్పండి.

గాజువాక_లైనక్స్:
మీవాడు చెప్పిందే రైటు. గిట్‌హబ్ లాంటిదే అయిన గూగుల్ కోడ్ మూసేస్తున్నామని 2015లో చెప్పారు, 2016 జనవరిలో మూసేశారు. గిటోరియస్ కూడా 2015లోనే పోయింది. 2014 డిసెంబరు చివర్లో మన దేశంలోనే టెలికాం శాఖ ఆదేశంతో 32 సైట్లు ఆపేశారు, అందులో గిట్‌హబ్ ఉంది, సోర్స్‌ఫోర్జ్ ఉంది. గ్నోమ్, కేడీఈ, డెబియన్ అనే పెద్ద లైనక్స్ ప్రాజెక్టులు మూడూ గిటీ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌ని సొంతంగా నడుపుకుంటున్నాయి. వాళ్లకి చేతనైంది మనకెందుకు కాదు?

ఎంవీపీ_అక్క:
గాజువాక తమ్ముడు చెప్పినవన్నీ నిజాలే. కానీ గ్నోమ్, కేడీఈల్లో సర్వర్లు చూసుకోడానికే వేరే మనుషులున్నారు. మీరున్నది నలుగురు, నలుగురూ మాటలు ఏరే పనిలో ఉన్నారు.

నేను ఒక చిన్న ఆఫీసుకి ముందు గిటీ, తర్వాత దాన్నుంచి 2022లో విడిపోయిన ఫోర్జేయో నడుపుతూ వస్తున్నాను. రెండూ తేలికైనవే, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ మీద కూడా నడుస్తాయి. వెయ్యడం ఒక పూట పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి అప్‌డేట్లు, బ్యాకప్పులు చూసుకునేదెవరన్నదే ప్రశ్న.

లాసన్స్ బే అన్నారు గనక ఇంకోటి. ఆ ఉప్పుగాలికి కంప్యూటర్ లోపల తుప్పు పట్టడం మన ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న సరిగ్గా మన దగ్గరే తీరం దాటింది, కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. ఇన్వర్టర్ ఆ పూట గడుపుతుంది, మర్నాటికి కాదు. పైగా చాలా ఇంటి ఫైబర్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ (బయటినుంచి చేరుకోగల నెట్ చిరునామా) ఉండదు, బయటివాళ్లు మీ డెస్క్‌టాప్ దాకా రావాలంటే దానికి వేరే ఖర్చు. వచ్చేది మనుషులే కాదు, ఏఐ క్రాలర్లు (ఏఐ కోసం సైట్లన్నీ లాక్కునే ప్రోగ్రాములు) కూడా. పాత కమిట్ (దాచిన మార్పు) పేజీలన్నీ ఒక్కొక్కటీ లాగుతుంటే తట్టుకోలేక గ్నోమ్ వాళ్లే అనుబిస్ అనే అడ్డుకట్ట వేసుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. కోడ్ గురించి దిగులు పడకండి. గిట్ అంటే ఫైళ్లలో ప్రతి మార్పునీ దాచే సాధనం, అందులో క్లోన్ (పూర్తి కాపీ) చేసుకున్న ప్రతివాళ్ల దగ్గరా చరిత్రంతా ఉంటుంది. రేపు సైటు మూతపడినా మీ ల్యాప్‌టాపుల్లో నిఘంటువు భద్రం. ఉండనిది మాస్టార్ల చర్చ. ఇష్యూలు గిట్‌లో ఉండవమ్మా, ఆ సైటు డేటాబేసులో ఉంటాయి. మీ ప్రాజెక్టులో మళ్లీ ఎవరూ తయారుచేయలేనిది అదొక్కటే. స్క్రిప్టు పోతే వారంలో మళ్లీ రాసుకుంటారు. ఒక ఊళ్లో ఒక మాట ఎలా వాడతారో చెప్పిన పెద్దావిడని మళ్లీ ఎక్కడినుంచి తెస్తారు?

సొంత సర్వర్ పెట్టినంత మాత్రాన ఈ భయం తీరదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సొంత సైటులోనే డేటాబేసు పొరపాటున చెరిగిపోయింది. అయిదు రకాల బ్యాకప్పు ఏర్పాట్లుండి కూడా ఒక్కటీ అక్కరకు రాలేదు, సుమారు ఆరు గంటల ముందు చేత్తో తీసిన కాపీ ఉండబట్టి గట్టెక్కారు. అప్పుడు కూడా రిపోజిటరీలు (ప్రాజెక్టుల ఫైళ్లు, వాటి చరిత్ర) చెక్కుచెదరలేదు, పోయినవి ఇష్యూలు, కామెంట్లు లాంటివే.

నా సలహా ఇది. రిపో, అంటే రిపోజిటరీ, గిట్‌హబ్‌లోనే ఉండనివ్వండి. కంపెనీ అంటేనే మనసొప్పకపోతే జర్మనీలో లాభాపేక్ష లేని సంఘం నడిపే కోడ్‌బెర్గ్ ఉంది. అది ఫోర్జేయో మీదే నడుస్తుంది, గిట్‌హబ్ నుంచి ఇష్యూలు, కామెంట్లతో సహా తెచ్చుకోవచ్చు. మీవాడి డెస్క్‌టాప్‌ని కాపీ కోసం వాడండి: రోజూ రాత్రి రిపోని మిర్రర్‌గా (అచ్చుగుద్దినట్టు కాపీగా) లాగాలి, ఏపీఐతో (ప్రోగ్రాములు సైటునుంచి డేటా అడిగే దారి) ఇష్యూలన్నీ జేసన్ అనే టెక్స్ట్ ఫైళ్లుగా దించాలి. ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉండాలి. ఒక డొమైన్ కొని మాస్టార్లకి ఆ చిరునామానే ఇవ్వండి, వెనక ఏ సైటుకి మారినా వాళ్లకి ఇచ్చిన లింకు మారదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక మాట మీద చర్చ తేలగానే దాని సారాంశం ఊరి పేరుతో సహా రిపోలోనే ఒక ఫైల్లో రాసెయ్యండి. అప్పుడది గిట్‌లోకి వచ్చేసినట్టే.

పాలకొండ_మాస్టారు:
నేను కోడ్ రాసేవాణ్ని కాదు, ఇలాంటివాటికి మాటలు పంపేవాణ్ని. ఫోన్‌లో ఇష్యూ తెరవడం మా స్టాఫ్ రూములో అందరికీ నేర్పడానికే చాలాకాలం పట్టింది. మళ్లీ కొత్త సైటు, కొత్త పాస్‌వర్డ్ అంటే సగంమంది మానేస్తారు బాబూ. మార్చేముందు మమ్మల్నీ ఒకమాట అడగండి.

మద్దిలపాలెం_కుర్రాడు:
తప్పకుండా మాస్టారూ, ఇప్పటికైతే మార్చడం లేదు. అక్కా, ఇష్యూలు జేసన్‌గా దించే స్క్రిప్టు ఈ ఆదివారమే రాస్తాం, మావాడూ ఒప్పుకున్నాడు. చర్చల సారాంశం ఫైలు ఎలా ఉండాలి?

ఎంవీపీ_అక్క:
టీఎస్‌వీ (గళ్లని ట్యాబ్‌తో విడదీసే మామూలు పట్టిక ఫైలు) చాలు. వరుసకో మాట: అర్థం, ఊరు, మండలం, చెప్పినవారి వయసు, ఇష్యూ నంబరు. చెప్పినవారి పేరు మాత్రం వాళ్లని అడిగాకే పెట్టండి. పబ్లిక్ రిపోలో ఒకసారి పడ్డ పేరు క్లోన్ చేసుకున్న అందరి దగ్గరికీ పోతుంది, తర్వాత తీసెయ్యమంటే మీ చేతిలో ఉండదు.